ధ్వని, అర్థం, అధికారం: స్త్రీలు రాసుకున్న అరబ్బీ చదువు

తెలుగులో 'చదువు' అనే మాటకి రెండర్థాలున్నాయి. పుస్తకంలో అక్షరాలు చదవడమూ చదువే, బడికి వెళ్ళి విద్య నేర్చుకోవడమూ చదువే. 'మా అమ్మాయి చదువుతోంది' అని ఒక తల్లి అంటే ఆ పిల్ల చేతిలో పుస్తకం ఉందని చెప్పడం కావచ్చు, ఇప్పట్లో పెళ్ళి మాట ఎత్తొద్దని చెప్పడమూ కావచ్చు. అరబ్బీలోనూ అంతే. 'ఖరఅ' అనే క్రియకి చదవడం, పైకి వల్లించడం, విద్య నేర్చుకోవడం అన్నీ అర్థాలే. ఖురాన్ అనే పేరు దానికి సంబంధించినదే. ముహమ్మద్ ప్రవక్తకి మొట్టమొదట అందిన దైవవాక్కు 'చదువు' అనే ఆజ్ఞేనని ముస్లింల విశ్వాసం. అల్జీరియా రచయిత్రి ఆసియా జెబార్ 'లమూర్, లా ఫాంటాసియా' (1985) నవలలో ఈ శ్లేషని పట్టుకుంది. ఈడొచ్చిన పిల్లకి ఇంకా ముసుగు వెయ్యలేదేమని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అడుగుతారు. పిల్ల చదువుతోందని తల్లి ఒక్క ముక్కలో జవాబు చెబుతుంది. ఆ మాట విన్నాక ఇంకెవరూ ఏమీ అనలేరు. ఎందుకంటే అది ఫ్రెంచి బడి గురించిన మాటే అయినా, అరబ్బీలో దేవుడి తొలి ఆజ్ఞని గుర్తుచేసే మాట కూడా.

ఒక్క మాటలో ఇంత విడుదల ఉన్న భాష, అదే మతసంప్రదాయంలో కోట్లాదిమంది ఆడపిల్లలకి అర్థంలేని ధ్వనిగా మాత్రమే ఎందుకు అందింది? ఈ ప్రశ్నతో కొందరు ముస్లిం రచయిత్రుల్ని చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇస్లామీయ విద్య మంచిదా చెడ్డదా అనే చర్చ మనకి అలవాటైంది. నాకు ఆ ప్రశ్న సరిపోదనిపిస్తుంది. ఒక భాషలో మూడు అంతస్తులుంటాయి. ఒకటి దాని ధ్వని, రెండోది అర్థం, మూడోది 'దీని అర్థం ఇదీ' అని నలుగురిలో చెప్పి ఒప్పించగల అధికారం. అరబ్బీ చదువులో ఏ అంతస్తు దాకా స్త్రీలని రానిచ్చారు, ఏ మెట్టు దగ్గర ఆపారు అని అడిగితేనే ఆ చదువు స్త్రీలకీ, సమాజానికీ ఏంచేసిందో తెలుస్తుంది.

మదర్సా అనగానే మన పత్రికలూ, సినిమాలూ చూపించే దృశ్యం ఒకటుంది. తెల్ల టోపీలు పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ వల్లెవేసే మగపిల్లల వరుస. భయానికీ అనుమానానికీ ఆ బొమ్మ చాలు. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో చదివేవాళ్ళు 3, 4 శాతానికి మించరని తేల్చింది. మదర్సానీ, మక్తబ్‌నీ కలిపేయకూడదని కూడా అది వివరించింది. మదర్సా పూర్తికాలపు బడి. మక్తబ్ ఉదయమో సాయంత్రమో గంటసేపు, మామూలు బడికి పోయే పిల్లలే వచ్చి ఖురాన్ చదవడం నేర్చుకునే చోటు. అంటే మన ఊళ్ళలోని ఎక్కువమంది ముస్లిం ఆడపిల్లలకి ఇస్లామీయ విద్య అంటే పొద్దునపూట ఒక గంట. 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మదర్సా విద్యా చట్టం చెల్లుతుందనీ, కామిల్, ఫాజిల్ అనే పై డిగ్రీలివ్వడం మాత్రం చెల్లదనీ తీర్పు చెప్పినప్పుడు కూడా వాదోపవాదాలన్నీ రాజ్యానికీ మతానికీ మధ్య నడిచాయి. ఆ పొద్దునపూట గంటలో ఆడపిల్లకి ఏమవుతుందన్నది ఎవరికీ చర్చనీయాంశం కాలేదు.

ఆ గంటలో జరిగేది ఇది. ముందు 'ఖాయిదా' అనే చిన్న వాచకం. అందులో అక్షరాలు, వాటి మీదా కిందా పెట్టే జబర్, జేర్, పేష్ గుర్తులు. అవి కుదిరాక ఒక్కొక్క పారా చొప్పున ముప్ఫై భాగాల ఖురాన్‌ని చూసి చదవడం. దీన్ని 'నాజిరా' అంటారు. నాజిరా పూర్తయిన పిల్ల ఎంత వేగంగానైనా ఖురాన్ చదవగలదు, ఒక్క వాక్యానికీ అర్థం చెప్పలేదు. అయినా ఉచ్చారణ విషయంలో పట్టింపు ఎక్కువ. తెలుగు నాలుకకి అరబ్బీలోని నాలుగు వేరువేరు అక్షరాలు ఒకే 'జ'గా పలుకుతాయి. గొంతు లోతునుంచి పలికితే 'హృదయం' అయ్యే మాట, నాలుక వెనుకభాగంతో పలికితే 'కుక్క' అవుతుంది. అర్థం మారిపోతుంది, పాపం తగులుతుంది అని పిల్లల్ని గద్దిస్తారు. తెలుగు లిపిలో అచ్చేసిన సూరాల పుస్తకాల్ని పెద్దవాళ్ళు ఇష్టపడకపోవడానికీ ఇదే కారణం. ఇందులోని వైచిత్రిని గమనించాలి. అర్థం చెడకూడదని ధ్వనికి కాపలా కాస్తారు, ఆ అర్థం ఏమిటో మాత్రం చెప్పరు.

తెలుగు ముస్లిం ఆడపిల్ల చుట్టూ ఇంకా రెండు మూడు భాషలున్నాయి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, కోస్తాలో చాలాచోట్ల తెలుగే. బడిలో తెలుగో ఇంగ్లీషో. నమాజు అరబ్బీలో. మసీదు ప్రసంగం ఎక్కువచోట్ల ఉర్దూలో. ఆ ప్రసంగం వినే చోటు కూడా ఆడవాళ్ళకి అరుదుగానే దొరుకుతుంది. ఖురాన్‌ని మొదట తెలుగు చేసింది చిలుకూరి నారాయణరావు. అర్థం మన భాషలోకి తొలిసారి వచ్చింది మసీదు గుమ్మంలోంచి కాదు, ఒక హిందూ పండితుడి రాతబల్ల మీదనుంచి. తర్వాత ముస్లిం సంస్థలు వేసిన తెలుగు అనువాదాలు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నాయి. అయినా పిల్లకి పుణ్యమని చెప్పి ఇచ్చేది అరబ్బీ ప్రతే. తెలుగు ప్రతిని తెలుసుకోవాలన్న కుతూహలం ఉన్నవాళ్ళు తీసి చూస్తారు.

అర్థం లేదు కాబట్టి ఆ చదువు వట్టిదేనా? ఇక్కడ తొందరపడకూడదు. మాది గుంటూరు జిల్లా పల్లె. మగపిల్లలు మసీదులో మౌల్వీ సాబ్ దగ్గరా, ఆడపిల్లలం ఉస్తానీ ఇంట్లోనూ చదివేవాళ్ళం. మేం ఆపా అని పిలిచే ఆ ఉస్తానీకి భర్త లేడు. పిల్లలిచ్చే పదీ ఇరవై రూపాయలు, రంజాన్‌లో వచ్చే బియ్యం ఆమె ఆదాయం. ఆమెకి తెలుగు అక్షరాలు రావు. కరెంటు బిల్లొస్తే మాచేత చదివించుకునేది. కానీ ఊళ్ళో ఏ ముస్లిం స్త్రీ చనిపోయినా స్నానం చేయించి కఫన్ చుట్టేది ఆపానే, ఆ ఇంట్లో కూర్చుని యాసీన్ సూరా చదివేదీ ఆపానే. అప్పుడు ఆ ఇంటి మగవాళ్ళు గుమ్మం బయట నిలబడి ఆమె చెప్పిన సామాన్లు తెచ్చిపెట్టేవాళ్ళు. ధ్వని ఆమెకొక బతుకుతెరువుని ఇచ్చింది, ఒక గౌరవాన్నిచ్చింది, ఆస్తీ మొగుడూ లేని ఒక ఆడమనిషి మాట చెల్లే కొన్ని ఘడియల్ని ఇచ్చింది. ఇది చిన్న విషయం కాదు. అయితే తలాక్ పంచాయితీ జరిగినప్పుడు మాత్రం ఆపాని ఎవరూ పిలవలేదు. అక్కడ కావలసింది ధ్వని కాదు, అర్థం. ఆ అర్థం మీద హక్కు ఉన్నవాళ్ళు వేరు.

ఈ హద్దుని నూరేళ్ళ కిందటే గుర్తించిన రచయిత్రి బెంగాల్‌కి చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్. 1880లో రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో జమీందారీ కుటుంబంలో పుట్టింది. ఆ ఇంటి ఆడపిల్లలకి అరబ్బీలో ఖురాన్ పఠనం, కొంచెం ఉర్దూ చాలనుకున్నారు. బంగ్లా, ఇంగ్లీషు నిషేధం. అక్క కరీమున్నీసా దొంగతనంగా బంగ్లా చదివితే ఆ చదువు మాన్పించారు. రొకేయాకి బంగ్లా ఆ అక్క దగ్గరా, ఇంగ్లీషు అన్న దగ్గర రాత్రిళ్ళు అందరూ నిద్రపోయాకా వచ్చాయి. ఇక్కడ భాషల అంతస్తుని చూడాలి. ఆడపిల్లకి 'పవిత్ర' భాషని ధారాళంగా ఇచ్చారు, ఎందుకంటే అందులో ఆమె ఏమీ అడగలేదు. అర్థమయ్యే తల్లిభాషని మాత్రం దాచిపెట్టారు. 1911లో ఎనిమిదిమంది పిల్లలతో కలకత్తాలో బడి పెట్టాక రొకేయా ఖురాన్ పాఠాన్ని తీసెయ్యలేదు. పైగా అది ఉండాల్సిందేనంది. కానీ చిలకపలుకుల్లా వల్లించడం చదువు కాదనీ, ప్రాంతీయ భాషల్లోకి అనువదించి అర్థంతో నేర్పాలనీ వాదించింది.

రొకేయాని మనం 'సుల్తానాస్ డ్రీమ్' (1905) రచయిత్రిగానే ఎక్కువ చదువుతున్నాం. ఆమె రచనా జీవితంలో ఇంకో సంఘటన మన చర్చకి ముఖ్యం. 1904లో ఒక బంగ్లా పత్రికలో అచ్చయిన వ్యాసంలో ఆమె మతగ్రంథాలని పురుషులు స్త్రీలని అణచడానికి వాడుకున్న తీరుని నేరుగా ప్రశ్నించింది. దుమారం రేగింది. తర్వాత ఆ వ్యాసాన్ని 'మోతీచూర్'లో చేర్చినప్పుడు ఆ పేరాలు లేవు. అర్థం కావాలని అడిగితే సంస్కర్త అన్నారు. అధికారం ఎవరిదని అడిగితే అచ్చులోంచి మాయమయ్యింది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఎంత ఎత్తుందో ఆ తొలగించిన పేరాలే చెబుతాయి.

సంస్కర్తలైన మగవాళ్ళు స్త్రీలకి అర్థం ఇవ్వలేదా అంటే ఇచ్చారు. 20వ శతాబ్దం తొలి దశకంలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ 'బిహిష్తీ జేవర్' అనే పెద్ద ఉర్దూ గ్రంథాన్ని స్త్రీల కోసమే రాశాడు. స్వర్గపు నగ అని ఆ పేరుకి అర్థం. అక్షరాలు నేర్పడం, ఉత్తరం రాయడం దగ్గర మొదలుపెట్టి నమాజు, వివాహధర్మాలు, ఇంటి లెక్కలు, మందులు దాకా అందులో ఉంటాయి. పెళ్ళికూతుళ్ళకి కానుకగా ఇచ్చే పుస్తకంగా అది దక్షిణాసియా అంతటా పాకింది. అందులోని కొన్ని భాగాలని 1990లో ఇంగ్లీషులోకి తెచ్చిన చరిత్రకారిణి బార్బరా మెట్‌కాఫ్ ఒక సంగతి చెబుతుంది. స్త్రీకి బుద్ధి తక్కువ కాబట్టి వేరే చదువు కావాలని థానవీ అనడు. మగవాడు నేర్చుకునే ధర్మమే ఆమె కూడా నేర్చుకోగలదని నమ్ముతాడు. నేర్చుకుని, మౌల్వీ గారి ధర్మానికి అందకుండా ఆడవాళ్ళు తరతరాలుగా నడుపుకుంటూ వచ్చిన మొక్కుల్నీ, పాటల్నీ, పెళ్ళి తంతుల్నీ తామే మానుకోవాలని కోరతాడు. అంటే అర్థం ఇచ్చాడు, బదులుగా ఆడవాళ్ళ సొంత మతాచారాన్ని తీసుకున్నాడు. బేరం ఎవరికి లాభమైందన్న ప్రశ్నకి ఒకే జవాబు లేదు. ఆ పుస్తకంతో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు తర్వాత పత్రికలూ నవలలూ చదివి ఉంటారు. అక్షరం తెచ్చినవాడి మాట అక్షరం ఎల్లకాలం వినదు.

ధ్వనిలో ఉన్న సంతోషాన్ని జెబార్ రాసినంత లోతుగా మరెవరూ రాయలేదనుకుంటాను. 1936లో షెర్షెల్‌లో పుట్టిన ఆమె తండ్రి ఫ్రెంచి బడిలో ఉపాధ్యాయుడు. పగలు ఫ్రెంచి బడి, తతిమ్మా వేళల్లో ఖురాన్ బడి. ఖురాన్ బడిలో చాపమీద మఠం వేసుకుని, చెక్కపలక ఒళ్ళో పెట్టుకుని, శరీరం లయతో ఊగుతూ నేర్చుకున్నది ఒంటికి పట్టిందంటుంది. ఒక సూరా కంఠతా వచ్చినరోజు తల్లి, ఇంటి ఆడవాళ్ళంతా పండగ చేసేవాళ్ళు. పదీ పదకొండేళ్ళ వయసులో ఆ బడి మాన్పించారు. ఎదుగుతున్న ఆడపిల్ల శరీరం అక్కడ కూర్చోకూడదు కాబట్టి. ఫ్రెంచి బడి మాత్రం కొనసాగింది. ఫలితంగా ఆమెని రచయిత్రిని చేసిన భాష, తన దేశాన్ని దోచుకున్నవాళ్ళ భాష అయింది. ఫ్రెంచిలో ప్రేమ మాటలు కూడా తనకి పలకవని ఆమె బాధపడుతుంది. 2005లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికైన రచయిత్రికి అరబ్బీ, తల్లివైపునుంచి వచ్చిన బెర్బరు భాష తెగిపోయిన అవయవాల్లా చివరిదాకా నొప్పెడుతూనే ఉన్నాయి. 'మతవిద్యనుంచి ఆధునిక విద్యకి' అనే సాఫీ ప్రయాణం ఇక్కడ లేదు. ఒక పితృస్వామ్యం ఆమెని అరబ్బీలోంచి బయటికి పంపితే, ఇంకో ఆధిపత్యం తన భాషలోకి ఆహ్వానించింది. విముక్తి అని మనం పిలిచేదానికి ఈ నష్టం ఖరీదు.

కైరోలో 1940లో పుట్టిన లైలా అహ్మద్ ఇంకో కోణం చూపిస్తుంది. 'ఎ బోర్డర్ పాసేజ్' (1999) అనే ఆత్మకథలో, తరగతిలో ప్రామాణిక అరబ్బీ సరిగ్గా చదవలేనందుకు టీచరు తనని కొట్టిన సంఘటన రాసింది. అరబ్బు పిల్లవై ఉండి నీ భాష నీకు రాదా అని ఆ కోపం. ఆ పిల్లకి మాత్రం అది తన భాషగా తోచలేదు. ఇంట్లో అమ్మ, అమ్మమ్మ మాట్లాడేది ఈజిప్టు వాడుక అరబ్బీ. పుస్తకాల్లోదీ, ఉపన్యాసాల్లోదీ ఏ తల్లీ ఉగ్గుపాలతో పోయని ప్రామాణిక అరబ్బీ. గ్రాంథిక, వ్యావహారిక భాషల గొడవ తెలిసిన మనకి ఇది వెంటనే అర్థమవుతుంది. గిడుగు రామమూర్తి వాదనకి స్త్రీవాద కోణం జోడిస్తే ఎలా ఉంటుందో లైలా అహ్మద్ రచన అలా ఉంటుంది. అమ్మమ్మ ఇంట్లో ఆడవాళ్ళు మసీదుకి వెళ్ళరు. మౌల్వీల వ్యాఖ్యానాలు చదవరు. విన్న ఖురాన్ ధ్వనినుంచి, తమలో తాము మాట్లాడుకోవడంనుంచి న్యాయం, దయ, మంచితనం ముఖ్యమనే ఒక ఇస్లాంని తయారుచేసుకున్నారు. గ్రంథాల్లోని మగవాళ్ళ ఇస్లాం వేరు, ఈ మౌఖిక ఇస్లాం వేరు అని ఆమె సిద్ధాంతం. చదువు పెరిగేకొద్దీ గ్రంథం గెలిచి, ఈ మౌఖిక సంప్రదాయం చచ్చిపోతోందని ఆమె దిగులు.

ఈ వాదన నన్ను చాలా ఆకట్టుకుంది. మా ఆపా చేతుల మీదుగా సాగిపోయిన మృతదేహాల్ని తలచుకుంటే అందులో నిజముంది. కానీ దీనితో ఒక పేచీ కూడా ఉంది. ఆ అమ్మమ్మ ఇల్లు భూములున్న ఉన్నత కుటుంబం. కొడుకులూ అల్లుళ్ళూ గ్రంథం తెచ్చి నెత్తిన కొట్టినా తట్టుకునే ఆస్తి, పరపతి ఆ స్త్రీలకున్నాయి. దూదేకుల స్త్రీకో, బీడీలు చుట్టే స్త్రీకో ఆ రక్షణ లేదు. పంచాయితీలో ఒక వాక్యం చదివి నీకు మనోవర్తి లేదంటే, నా మనసులోని ఇస్లాం ఇలా చెప్పడంలేదని ఆమె అంటే సరిపోదు. ఆ వాక్యం అర్థం అది కాదని చెప్పగలగాలి. మౌఖిక ఇస్లాం ఓదారుస్తుంది. పోట్లాటకి గ్రంథం కావాలి.

ఆ పోట్లాట చేసినవాళ్ళలో మొరాకో సామాజిక శాస్త్రవేత్త ఫాతిమా మెర్నిస్సీ ఒకరు. స్త్రీకి పాలన అప్పగించిన జాతి బాగుపడదనే అర్థంలో ఒక హదీసు ఉంది. ఆడవాళ్ళు రాజకీయాల్లోకి వచ్చినప్పుడల్లా దాన్ని ఎదురు పెడుతుంటారు. మెర్నిస్సీ 1987లో ఫ్రెంచిలో అచ్చయిన తన పుస్తకంలో పాత అరబ్బీ గ్రంథాల్లోకే వెళ్ళి ఆ హదీసు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని వెతికింది. ఉల్లేఖించిన అబూ బక్ర, ప్రవక్త భార్య ఆయిషా 656లో ఒంటెయుద్ధంలో ఓడిపోయిన తర్వాత దాన్ని గుర్తుచేసుకున్నాడని చూపించింది. తప్పుడు సాక్ష్యం కేసులో అతను శిక్షపడినవాడనీ, ఇస్లామీయ పండితులు పెట్టుకున్న కొలమానాల ప్రకారమే అతని మాట చెల్లదనీ వాదించింది. బయటి కొలతలేవీ తేలేదు. వాళ్ళ తూకంరాళ్ళతోనే తూచింది. అరబ్బీ చదువు పూర్తిగా అందిన స్త్రీ ఏం చేయగలదో అది చూపింది.

అమెరికన్ నల్లజాతి స్త్రీ అమీనా వదూద్ 'ఖురాన్ అండ్ వుమన్' (1992)లో వ్యాకరణాన్ని పట్టుకుంది. అరబ్బీలో నపుంసకలింగం లేదు. ప్రతి నామవాచకమూ స్త్రీలింగమో పుంలింగమో అయి తీరాలి. మనుషుల సృష్టి చెప్పే వాక్యంలో ముందు వచ్చే 'నఫ్స్' (ప్రాణి, ఆత్మ) వ్యాకరణరీత్యా స్త్రీలింగం. దాని జంటగా వచ్చే 'జౌజ్' పుంలింగం. మొదట పురుషుడు పుట్టాడు, అతన్నుంచి స్త్రీ పుట్టింది అనే కథ ఆ మాటల్లో లేదు, వ్యాఖ్యాతల మనసుల్లో ఉందని ఆమె చెబుతుంది. ఇది మనకి దూరపు ముచ్చట కాదు. బాలవ్యాకరణం స్త్రీలని పశుపక్ష్యాదులతో, జడపదార్థాలతో కలిపి మహత్తుకి అవతల పెట్టింది. 'అతను వచ్చాడు' అంటాం, 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' అంటాం. బహువచనంలో మాత్రమే మనం మనుషుల్లో కలుస్తాం. వ్యాకరణం అమాయకమైనది కాదని తెలిసిన తెలుగు స్త్రీవాదులకి వదూద్ పని సొంత పనిలాగే అనిపిస్తుంది. పైగా ఈ ప్రశ్న కొత్తదీ కాదు. దైవవాక్కు మగవాళ్ళనే సంబోధిస్తోందేమని ప్రవక్త భార్య ఉమ్మె సల్మా అడిగిందనీ, ఆ తర్వాతే 33వ అధ్యాయం 35వ వచనం వచ్చిందనీ సంప్రదాయం చెబుతుంది. ఆ వచనంలో పది గుణాల్ని పురుషులకీ స్త్రీలకీ విడివిడిగా, పుంలింగ, స్త్రీలింగ రూపాలు రెండింటితో చెప్పారు. సర్వనామం గురించి అడిగిన తొలి స్త్రీకి జవాబు దొరికింది. తర్వాతివాళ్ళకి అడిగే భాషే అందకుండా పోయింది.

ఎలా పోయిందన్నదానికి చరిత్రలో ఆధారాలున్నాయి. హదీసుల్ని గురువునుంచి శిష్యుడికి అందించిన స్త్రీలు వేలల్లో ఉన్నారు. 11వ శతాబ్దంలో మక్కాలో కరీమా అల్ మర్వజియ్యా దగ్గర బుఖారీ గ్రంథాన్ని పాఠం చెప్పించుకోవడానికి మగ పండితులు వచ్చేవాళ్ళు. అక్రమ్ నద్వీ అనే పండితుడు సంకలనం చేసిన ఇలాంటి స్త్రీల జీవితచరిత్రలు 2021లో 43 సంపుటాలుగా అరబ్బీలో వెలువడ్డాయి. ఇది గర్వించదగ్గ చరిత్రే. కానీ అస్మా సయీద్ 2013లో రాసిన పుస్తకం ఈ చరిత్ర తిన్నగా సాగలేదని చూపిస్తుంది. హదీసు పండితుడికి న్యాయశాస్త్ర పాండిత్యం, దూరప్రయాణాలు, వాదప్రతివాదాలు కావాలన్నప్పుడు స్త్రీలు వెనక్కి పోయారు. గ్రంథం స్థిరపడి, దాన్ని మార్పులేకుండా అందించడమే ముఖ్యమన్నప్పుడు మళ్ళీ కనబడ్డారు. అంటే ధ్వనిని భద్రంగా మోసేచోట స్త్రీకి సింహాసనం కూడా వేశారు. అర్థం తేల్చేచోట పీట కూడా వెయ్యలేదు. మా ఆపాకీ కరీమాకీ మధ్య వెయ్యేళ్ళు, వేలమైళ్ళు ఉన్నా ఆపిన మెట్టు మాత్రం అదే.

ఇప్పుడు బాలికల మదర్సాలు పెరుగుతున్నాయి. ఆలిమా కోర్సు చదివిన అమ్మాయిలు మన చిన్న పట్టణాల్లో కూడా కనిపిస్తున్నారు. ఢిల్లీలోని ఒక బాలికల మదర్సాని పరిశీలించి మరైక వింకల్‌మన్ 2005లో రాసిన పుస్తకం ప్రకారం, అక్కడి పాఠ్యక్రమం మగపిల్లలదానికంటే కురచది, నడవడికకి పెట్టే శ్రద్ధ ఎక్కువ. ఉషా సన్యాల్ 2020లో షాజహాన్‌పూర్‌లోని మరో మదర్సా గురించి రాస్తూ, పేద కుటుంబాల పిల్లలు అక్కడ చదివి టీచర్లుగా మారడాన్నీ, వాళ్ళ మాటకి ఇంట్లో విలువ పెరగడాన్నీ నమోదు చేసింది. రెండూ నిజమే. వీటిని ఎలా తూచాలన్నదానికి నాకు ఒక్క గీటురాయి కనిపిస్తుంది. ఈ చదువు మిగతా చదువుతో కలిసి వస్తోందా, దానికి బదులుగా వస్తోందా? అఫ్ఘానిస్తాన్‌లో 2021నుంచి ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకి బడి మూసేశారు, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూసేశారు. వాళ్ళకి మిగిలింది మదర్సాయే. అక్కడ అదొక తెరిచిన కిటికీ, గోడ కట్టినవాళ్ళు వదిలిన కిటికీ. ఆ కిటికీ దగ్గర కూర్చున్న పిల్లని వెనుకబడిందని మనం అనలేం. గోడని సంస్కృతి అని కూడా అనలేం.

అరబ్బీకి తెలుగు నేలతో ఇంకో సంబంధం ఉంది. దాన్ని మన మతచర్చల్లో ఎవరూ ప్రస్తావించరు. రాయచోటి, రాజంపేట ప్రాంతాలనుంచీ, గోదావరి జిల్లాలనుంచీ ఇంటిపనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు తెలుగునాట అందరికంటే ఎక్కువ అరబ్బీ మాట్లాడగలరు. వాళ్ళలో ముస్లింలున్నారు, దళిత క్రైస్తవులున్నారు, హిందువులున్నారు. వాళ్ళకి ఖాయిదా లేదు, జేర్ జబర్‌లు లేవు. రా, పో, తే, త్వరగా కానివ్వు అనే ఆజ్ఞార్థక క్రియలే వాళ్ళ మొదటి పాఠం. మతగ్రంథంలో మొదటి ఆజ్ఞ 'చదువు' అయితే వంటింటి అరబ్బీలో మొదటి ఆజ్ఞ 'తే'. రెండేళ్ళు గడిచేసరికి యజమానురాలి పిల్లల్ని ఆ భాషలోనే బుజ్జగిస్తారు, జోకొడతారు. కానీ కఫాలా పద్ధతిలో యజమాని చేతిలో ఉన్న తమ ఒప్పందపత్రంలో ఏం రాసుందో వాళ్ళు చదవలేరు. ఇక్కడ ఊళ్ళో నాజిరా చదివిన పిల్ల ఆ అక్షరాల్ని గడగడా చదివేస్తుంది, అర్థం చెప్పలేదు. అక్కడ వాళ్ళక్క అర్థం చెప్పగలదు, చదవలేదు. ఒకే ఇంట్లో ఈ ఇద్దరూ ఉన్న కుటుంబాలున్నాయి. ఇద్దరిలో ఎవరికీ పూర్తి భాష అందలేదు. ఒకరి దగ్గర భక్తి పేరుతో, ఇంకొకరి దగ్గర కూలి పేరుతో ఆ భాషలోని అధికారం మిగుల్చుకున్నారు.

తెలుగులో ముస్లింవాద సాహిత్యం వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్జలా', 2004లో 'వతన్' కథలు, 2005లో షాజహానా 'నఖాబ్' మనకి కొత్త జీవితాన్ని చూపించాయి. అనుమానం, పేదరికం, పరదా, తలాక్, మెజారిటీ మతోన్మాదం గురించి తెగువతో రాశారు. అయితే నేను చదివినంతలో, ఉస్తానీ ఇంటి గంట గురించి, ఒక తెలుగు పిల్ల నాలుక మీద అరబ్బీ ఏమైందన్నదాని గురించి లోపలినుంచి రాసింది తక్కువ. దానికి కారణం ఊహించగలం. బయటివాళ్ళు మదర్సాని దోషిగా నిలబెడుతున్నప్పుడు లోపలి అసంతృప్తి చెబితే అది వాళ్ళకి సాక్ష్యమవుతుందని భయం. ఈ భయం న్యాయమైనదే. కానీ ఈ మౌనంవల్ల రెండు పక్షాలవాళ్ళకీ సౌకర్యమే. ఒకరు ఆ చదువు అంతా మౌఢ్యమంటారు, మరొకరు అంతా పవిత్రమంటారు. పాఠం చదివిన ఆడపిల్ల ఏమంటుందో ఎవరికీ అక్కర్లేదు.

రొకేయా తల్లిభాషలో అర్థం అడిగింది. జెబార్ తెగిపోయిన ధ్వనికోసం దుఃఖించింది. లైలా అహ్మద్ అమ్మమ్మల మాటని గ్రంథం పక్కన నిలబెట్టింది. మెర్నిస్సీ, వదూద్ గ్రంథాన్నే తెరిచి కూర్చున్నారు. ఈ అయిదుగురూ ఏకీభవించరు, ఏకీభవించాల్సిన అవసరమూ లేదు. అందరూ కలిసి ఒకటి స్పష్టం చేశారు. పవిత్రభాషని స్త్రీలనుంచి కాపాడాల్సిన పని లేదు, స్త్రీలని ఆ భాషనుంచి కాపాడాల్సిన పనీ లేదు. ఆ భాష వాళ్ళకి సగంలో ఆగిపోకుండా చూడాలి. తెలుగులో ఈ పని మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ఖాయిదా పక్కన తెలుగు అర్థం పెట్టిన ఒక వాచకం, ఉస్తానీల జ్ఞాపకాలు, కువైట్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళ నోట ఆ భాష కథలు కావాలి. వాటిని రాయాల్సింది, అచ్చెయ్యాల్సింది ఇలాంటి పత్రికలే. 'చదువు' అన్న ఆజ్ఞలో ధ్వనితోనే ఆగిపొమ్మని ఎక్కడా లేదు.